ఏడో తరగతి పిల్లలకు ఏది ముందు: హంగర్ గేమ్సా, గివరా?

బెంగళూరులో వేసవి సెలవులు దగ్గరపడ్డాయంటే తెలుగు తల్లిదండ్రుల నుంచి ఈ ప్రశ్న తప్పదు. పుస్తకాల దుకాణాలుండే చర్చ్ స్ట్రీట్‌లో రెండూ కొనేసి, ఏది ముందు ఇవ్వాలో తేలక అడుగుతారు. చాలామంది వేసుకునే లెక్క ఒకటే. సుజాన్ కాలిన్స్ 'హంగర్ గేమ్స్' (2008)లో పిల్లలు పిల్లల్నే చంపుతారు, కాబట్టి అది తర్వాత. లోయిస్ లౌరీ 'గివర్' (1993) పల్చటి పుస్తకం, నెత్తురు కనపడదు, అమెరికాలో పిల్లల పుస్తకాలకిచ్చే న్యూబెరీ మెడల్ కూడా ఉంది, కాబట్టి అది ముందు. నేనైతే ఈ వరుసను తారుమారు చేస్తాను.

చావులెన్ని ఉన్నాయన్నది కాదు చూడాల్సింది. తప్పు చేస్తున్నది ఎవరో చదివే పిల్లకి తనంతట తనకు తెలుస్తుందా అన్నది చూడాలి. హంగర్ గేమ్స్‌లో తెలుస్తుంది. దానికి లెక్క కూడా ఉంది. కాపిటల్ అనే పాలక నగరం ఈ చంపుకునే ఆటకి జిల్లాల పిల్లల్ని లాటరీ తీసి ఎంచుతుంది, 12 నుంచి 18 ఏళ్ల దాకా అందరి పేర్లూ అందులో ఉంటాయి. పన్నెండో ఏట ఒక చీటీ, ఏడాదికొకటి పెరుగుతుంది. ఇంట్లో గింజలు లేవా, అదనంగా ఒక చీటీ వేయించుకుంటే ఒక మనిషికి ఏడాది పాటు చాలీచాలని గింజలు, నూనె ఇస్తారు. దాన్ని టెసెరా అంటారు. పాత చీటీలు అలాగే ఉంటాయి, కొత్తవి వచ్చి కలుస్తాయి. కథానాయిక కాట్నిస్‌కి ఏటా తప్పనిసరిది ఒకటి, తనకూ అమ్మకూ చెల్లికీ తిండి కోసం మూడు. పదహారో ఏటికి 4×5, ఇరవై. ఆమె స్నేహితుడు గేల్ ఇంట్లో ఐదుగురు, పద్దెనిమిదో ఏటికి 6×7, నలభై రెండు. మేయర్ కూతురికి మహా అయితే ఐదు.

పిల్లలు గబగబా తిప్పేసే పేజీ ఇదే. ఆపి, కాగితం మీద లెక్క వేయించండి. గేల్ మేయర్ కూతురి మీద విసుక్కుంటాడు. ఇలా తమలో తాము కొట్టుకోవడమే కాపిటల్‌కి కావలసిందని అతనికీ తెలుసు, అయినా నోరు ఆగదు. ఆ చిన్న సన్నివేశం అర్థమైతే అరీనా, అంటే పిల్లలు చంపుకునే ఆ బరి, అంతా అర్థమైనట్టే. లేకపోతే పుస్తకం క్రికెట్ స్కోరుబోర్డు అయిపోతుంది: ఎవరు పోయారు, ఎందరు మిగిలారు. అందుకని 'ఎవరు గెలుస్తారు' అని అడగొద్దు, 'ఎవరి రొట్టె ఎవరికి వెళ్లింది' అని అడగండి. ఆకలితో ఉన్న కాట్నిస్‌కి పీటా ఇచ్చిన మాడిన రొట్టె నుంచి, అరీనాలో ఆమెకు తోడైన చిన్నపిల్ల రూ చనిపోయాక ఆ పిల్ల ఊరైన పదకొండో జిల్లా కాట్నిస్‌కి పంపిన రొట్టె దాకా వరుసగా చెప్పగలిగితే చాలు.

గివర్‌లో ఆకలి లేదు, శత్రువు లేడు. పందొమ్మిదో అధ్యాయంలో కథానాయకుడు జోనస్ తండ్రి అప్పుడే పుట్టిన కవలల్ని తూకం వేస్తాడు. బరువు తక్కువున్న పాపడి నుదుటి నరానికి సూది వేస్తాడు. పెట్టెలో పెట్టి గొట్టంలోకి జార్చి, ముద్దు మాటలతోనే వీడ్కోలు చెబుతాడు. క్రూరుడేం కాదు, ఆయనకది రోజువారీ ఉద్యోగం. అరీనాలో ఏ చావూ దీనికి సాటిరాదు. ఇలాంటిది చదవాలంటే ముందు ఒకసారి కనిపించే దుర్మార్గాన్ని గుర్తుపట్టి ఉండాలి. గివరే గొప్ప పుస్తకమని నా అభిప్రాయం, దాన్ని రెండోదిగా ఉంచేది అందుకే.

గివర్‌లో 18 నుంచి 20 దాకా మూడు అధ్యాయాలూ ఒకే విడతలో చదివించండి, పడుకునే ముందు మాత్రం వద్దు. రంగుల సంగతి పన్నెండో అధ్యాయంలో తేలుతుంది, ముందే నోరు జారకండి. పన్నెండేళ్లకే పెద్దలు కూర్చుని ఎవరి ఉద్యోగం ఏదో తేల్చేసే ఊరది. ఏడో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్‌లో చేర్చిన ఇళ్లలో ఈ ఘట్టం దగ్గర పిల్లలు మనవైపు ఒక చూపు చూస్తారు, సిద్ధంగా ఉండండి. చివర్లో జోనస్ బతికాడా లేదా అన్నది వాళ్లనే వాదించుకోనివ్వాలి. తర్వాత వచ్చిన మూడు పుస్తకాల్లో జవాబుంది, కాబట్టి అవి ఉన్నాయని అప్పటిదాకా చెప్పకపోవడం మేలు.

ఐదో తరగతివాళ్లకైతే ఈ రెండూ కాదు, జీన్ డుప్రావ్ 'సిటీ ఆఫ్ ఎంబర్' (2003) చాలు. ఇదే తరహా 'డైవర్జెంట్', 'మేజ్ రన్నర్' సెలవులు ఇంకా మిగిలితే చదివించొచ్చు. హంగర్ గేమ్స్ మూడు భాగాల సెట్టు కొన్నవాళ్లు మూడోదాన్ని తొమ్మిదో తరగతి దాకా పైఅరలో పెట్టండి. అది పూర్తిగా యుద్ధం.