సోలార్ పెట్టించే ముందు జనం మాట తెలుసుకోవడానికి ఏఐని వాడాను: ఆరు వారాల అనుభవం

మా ఇల్లు కాకినాడలో. సముద్రం పెద్ద దూరం కాదు. డాబా మెట్లకు వేయించిన ఇనప రెయిలింగ్‌కి ఆరేళ్లలో రెండుసార్లు రంగు కొట్టించాం, అయినా తుప్పు ఆగలేదు. వేసవిలో నెలకు 420 యూనిట్ల దాకా కాలుతుంది. పై శ్లాబుల్లో యూనిట్‌కి 8 రూపాయల 75 పైసలు, అంతకన్నా ఎక్కువ కూడా పడుతుంది కాబట్టి బిల్లు మూడు వేలు దాటేస్తుంది. అందుకే డాబా మీద మూడు కిలోవాట్ల సోలార్ పెట్టిద్దామని నిరుడే అనుకున్నాం. ఈలోగా 2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను వచ్చింది. ఆ గాలి చప్పుడు వింటూ పడుకున్నాక మా వారు, "ఇప్పుడు పైన సోలార్ పలకలు ఉంటే నాకు నిద్ర పట్టేది కాదు" అన్నారు. పని అక్కడ ఆగిపోయింది.

ముగ్గురు సోలార్ వాళ్లను పిలిచి కోటేషన్లు తీసుకున్నాం. ముగ్గురూ "ఏం కాదు మేడమ్, మన స్ట్రక్చర్ చాలా స్ట్రాంగ్" అనే అన్నారు. స్ట్రక్చర్ అంటే పలకలను పట్టి ఉంచే ఇనప చట్రం. మా వీధిలో ఇంకెవరికీ సోలార్ లేదు. తుపాను తర్వాత పెట్టించుకున్నవాళ్లు ఏమంటున్నారో తెలిస్తే కదా ధైర్యం. ఆ మాటలన్నీ ఆన్‌లైన్‌లోనే ఉంటాయి. రెడిట్‌లో కొన్ని, ఫేస్‌బుక్ గ్రూపుల్లో కొన్ని, యూట్యూబ్ వీడియోల కింద చాలా. నేను హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. బడి నుంచి వచ్చి, వంట చేసి, పేపర్లు దిద్దుకున్నాక అవన్నీ కూర్చుని చదివే టైమ్ ఉండదు. అందుకని నవంబర్ రెండో వారం నుంచి ఆరు వారాలు రెండు ఏఐ సహాయకులతో ఈ పని చేయించాను. ఒకటి డబ్బు కట్టి వాడాను, రెండోది ఉచితంగా. పేర్లు రాయడం లేదు, ఎందుకంటే మంచీ చెడూ రెండింటిలోనూ ఒకేలా కనిపించాయి. మళ్లీ వాడతానా అంటే తప్పకుండా వాడతాను. కానీ మొదటి వారం వాడినట్టు మాత్రం వాడను.

మొదటి రోజు తెలుగులోనే అడిగాను: "ఇంటి మీద సోలార్ పెట్టించుకున్నవాళ్లు ఈ మధ్య ఏమంటున్నారు?" పది నిమిషాలు వెతికి నాలుగు పేజీల జవాబు ఇచ్చింది. చదవడానికి హాయిగా ఉంది. "చాలామంది వినియోగదారులు సంతృప్తిగా ఉన్నారు", "కొందరు ఆలస్యం గురించి ఫిర్యాదు చేస్తున్నారు" అని ఉంది. చాలామంది అంటే ఎంతమంది? ఎక్కడివాళ్లు? కింద ఇచ్చిన లింకులు తెరిచి చూస్తే సగం పైగా సోలార్ కంపెనీల ప్రచార పేజీలు, వార్తలు. మనుషులు మాట్లాడుకున్న చోటు ఒక్కటే ఉంది, అదీ రెండేళ్ల నాటిది.

అందులోనే పెద్ద పొరపాటు ఒకటి ఉంది. మూడు కిలోవాట్లకు 1,08,000 రూపాయల సబ్సిడీ వస్తున్నట్టు జనం చెబుతున్నారని రాసింది. పీఎం సూర్యఘర్ అనే ఇంటి సోలార్ పథకం కింద కేంద్రం ఇచ్చేది మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000. మొత్తం 78,000. మూడు దాటి ఎంత పెట్టించినా అంతే. మిగతా 30,000 ఎక్కడిదని వెతికితే, ఆ మాట చెప్పినవాళ్లు ఢిల్లీ, ఉత్తరప్రదేశ్ వాళ్లు. అక్కడి రాష్ట్ర ప్రభుత్వాలు పైన కలిపి ఇస్తాయి. వాళ్లు చెప్పింది అబద్ధం కాదు. ఏఐ ఆ మాటల్లోంచి ఊరి పేరు తీసేసి నాకు అందించింది. ఆ లెక్క నమ్మి లోన్ తక్కువ పెట్టుకుని ఉంటే ముప్పై వేలకు ఎవరి దగ్గరో చేయి చాపాల్సి వచ్చేది.

రెండో పొరపాటు నన్ను ఇంకా ఎక్కువ బాధపెట్టింది. విశాఖలో ఒకాయన అన్నట్టుగా కొటేషన్ గుర్తుల మధ్య ఒక వాక్యం ఇచ్చింది: తుపానులో తన పలకలు అంగుళం కూడా కదల్లేదని. నాకు కావాల్సిన మాట సరిగ్గా అదే. సంతోషంగా మా వారికి చదివి వినిపించాను కూడా. తర్వాత లింకు తెరిస్తే ఆ పేజీలో ఆ వాక్యమే లేదు, విశాఖ ఊసే లేదు. అడిగితే వెంటనే క్షమాపణ చెప్పి, అది తాను సారాంశంగా రాసిన మాట అంది. సారాంశానికి కొటేషన్ గుర్తులు ఎందుకు? లేని మనిషి నోట మాట పెడితే, దాన్ని నమ్మి ఇంటి మీద బరువు ఎక్కించేది నేను.

రెండో వారం నుంచి అడిగే తీరు మార్చాను. ప్రతి ప్రశ్న కింద ఈ నాలుగు ముక్కలు పెట్టడం మొదలుపెట్టాను: "ప్రతి మాటకీ తేదీ, ఊరు లేదా రాష్ట్రం, లింకు ఇవ్వు. ఎంతమంది అన్నారో అంకెల్లో చెప్పు. కంపెనీల పేజీలు వద్దు. దొరక్కపోతే దొరకలేదని చెప్పు." అంతే, జవాబు ఒక్కసారిగా చిన్నదైపోయింది. నాలుగు పేజీలు ముప్పావు పేజీకి దిగాయి. మునుపు "చాలామంది" అన్న చోట ఇప్పుడు "ఇద్దరు" అని వచ్చింది. ఒక చోట "అక్టోబర్ 28 తర్వాత కోస్తా ఆంధ్ర నుంచి రాసినవారు నాకు ఒక్కరే కనిపించారు" అంది. ఆ ఒక్క వాక్యంతో దాని మీద నాకు నమ్మకం పెరిగింది.

అలా ఏరిన కొద్ది మాటల్లోనే అసలు విషయం దొరికింది. నేను భయపడింది పలకలు ఎగిరిపోతాయని. జనం ఎక్కువగా వాపోయింది వేరే దాని గురించి: కరెంటు పోతే సోలార్ కూడా ఆగిపోతుందని. మామూలుగా సబ్సిడీ మీద పెట్టే ఆన్-గ్రిడ్ సిస్టమ్ (వీధి కరెంటు లైన్‌కి కలిపి ఉండేది) ఆ లైన్‌లో కరెంటు లేకపోతే పనిచేయదు. అది లోపం కాదు, కావాలని చేసిన ఏర్పాటు. లైన్ బాగుచేయడానికి స్తంభం ఎక్కినవాడికి మన డాబా మీది కరెంటు తగిలితే ప్రాణం పోతుంది. అందుకే సోలార్ ఇన్వర్టర్ తనంతట తానే ఆగుతుంది. ఎండ కాస్తున్నా, మూడు కిలోవాట్ల పలకలు పైన ఉన్నా, కింద ఫ్యాన్ తిరగదు. తుపాను వెళ్లాక చీకట్లో కూర్చున్నప్పుడు ఈ సంగతి తెలిసినవాళ్ల కోపం ఎలా ఉంటుందో ఆ రాతల్లో కనిపించింది. నేను సైన్స్ టీచర్‌ని, గ్రిడ్ గురించి పాఠం చెబుతాను, అయినా కోటేషన్ చూసినప్పుడు ఈ ప్రశ్న నాకు తట్టలేదు. మాకు కోటేషన్ ఇచ్చిన ముగ్గురిలో ఒక్కరూ చెప్పలేదు. ఈ ఒక్కదానికే నేను కట్టిన డబ్బు వచ్చేసిందనుకుంటాను. బ్యాటరీ ఉండే హైబ్రిడ్ ధర ఎక్కువ, బ్యాటరీకి సబ్సిడీ లేదు. అందుకని ఇంట్లో ఉన్న పాత ఇన్వర్టర్, బ్యాటరీ అమ్మేయకుండా అలాగే ఉంచుకున్నాం.

తేదీ అడగడం వల్ల ఇంకో లాభం కలిగింది. సోలార్ సామాను మీద జీఎస్టీ 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం కాదు, 5 శాతమే. ఇంటి మీద పెట్టే సోలార్‌లో 70 శాతం సామానుగా, 30 శాతం పనిగా లెక్కేస్తారు. పని మీద 18 శాతం అలాగే ఉంది. కలిపి చూస్తే 13.8 శాతం ఉండేది 8.9 అయింది. లక్షా ఎనభై వేల పని మీద దాదాపు 8,800 రూపాయల తేడా. అంటే సెప్టెంబర్‌కి ముందు ఎవరైనా "నాకు ఇంత అయింది" అని రాసిన ధర ఇప్పుడు పనికిరాదు. మొదటి జవాబులో ఏఐ పాత ధరలూ కొత్త ధరలూ కలిపేసి సగటు తీసింది. తేదీల వారీగా విడదీయమంటే చక్కగా విడదీసింది. మాకు వచ్చిన కోటేషన్లలో ఒకటి పాత లెక్కతోనే ఉందని అప్పుడే తెలిసింది. చూపిస్తే ఆయన మారు మాట్లాడకుండా దిద్ది ఇచ్చారు.

భాష సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, తెలుగువాళ్లకు ఇది ముఖ్యం. తెలుగులో అడిగితే దానికి వార్తలు దొరికాయి. ఇంగ్లిష్‌లో అడిగితే బెంగళూరు, పుణె వాళ్ల మాటలు దొరికాయి. మనవాళ్ల మాటలు మాత్రం రెండింటికీ చిక్కలేదు. ఎందుకంటే మనం కామెంట్లలో తెలుగుని ఇంగ్లిష్ అక్షరాలతో రాస్తాం, అదీ ఒక్కొక్కరు ఒక్కో రకంగా. "సబ్సిడీ పడిందా అన్నా" అనే మాటని పది మంది పది స్పెల్లింగులతో రాస్తారు. పైగా యూట్యూబ్ కామెంట్ల దాకా అది వెళ్లలేకపోయింది, మూసి ఉన్న ఫేస్‌బుక్ గ్రూపుల్లోకి అసలు వెళ్లదు. అందుకని ఒక ఆదివారం కూర్చుని, ఆరు తెలుగు సోలార్ వీడియోల కింది కామెంట్లు నేనే కాపీ చేసి దానికి ఇచ్చాను. వెతకడంలో తడబడినది, ఇచ్చినదాన్ని చదవడంలో మాత్రం గట్టిదని తేలింది. ఎలా రాసినా అర్థం చేసుకుంది. నెట్ మీటర్ (మనం లైన్‌కి పంపిన కరెంటునీ, వాడుకున్నదాన్నీ లెక్కేసే మీటర్) ఆలస్యం, కోతులు పలకల మీద ఎక్కడం, డాబాకి రంధ్రాలు వేశాక వానాకాలంలో కారడం, ఇన్వర్టర్ వైఫై తెగిపోవడం, ఇలా వేరు చేసి పెట్టింది. కారడం గురించి నేను అంతకుముందు ఆలోచించనే లేదు.

అంకెలు మాత్రం నమ్మకండి. నెట్ మీటర్ ఆలస్యమైందని 41 మంది రాశారంది. అనుమానం వచ్చి ఒక వీడియో కింది కామెంట్లు నేను పెన్సిల్‌తో గీతలు గీసి లెక్కపెట్టాను. ఆ వీడియోకి అది 14 అన్న చోట నాకు 9 వచ్చాయి. ఒకే మనిషి మూడుసార్లు అడిగితే ముగ్గురుగా వేసింది. మా బంధువుల అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో కూడా సోలార్ మీద మంచి చర్చ జరిగింది, దాన్నీ ఇద్దామనుకున్నాను. కానీ అవి వాళ్లు తమలో తాము చెప్పుకున్న మాటలు. అడిగి, ఒప్పుకున్న ఇద్దరివి మాత్రం పేర్లు, నంబర్లు తీసేసి ఇచ్చాను. మీరూ అలాగే చేయండి.

ఇక గాలి విషయం. మొంథా తర్వాత కోస్తా నుంచి రాసిన ఆ ఒక్కరూ తమ పలకలకు ఏమీ కాలేదన్నారు. ఏఐ దాన్ని "తీర ప్రాంతంలో స్ట్రక్చర్లు తట్టుకుంటున్నాయి" అని ముగించింది. ఆ సాయంత్రం అది చదివి వినిపిస్తుంటే మా మామయ్యగారు కుర్చీలోంచి, "ఏమ్మా, అది మొన్నటి గాలి గురించే చెబుతోందా?" అని అడిగారు. అవునన్నాను. "తొంభై ఆరు గాలి చూసినవాళ్లు అందులో ఎవరూ రాయలేదా?" అన్నారు.

ఆయనది ముమ్మిడివరం దగ్గర పల్లె. 1996 నవంబర్ 6 రాత్రి తుపాను కోనసీమ మీదుగా వెళ్లినప్పుడు అక్కడే ఉన్నారు. తెల్లారి చూస్తే తమ తోటలో నిలబడి ఉన్న కొబ్బరి చెట్లు వేళ్ల మీద లెక్కపెట్టేలా ఉన్నాయట. నాకు 2014 హుద్‌హుద్ తెలుసు. అక్టోబర్ 12న మేం విశాఖలో సీతమ్మధారలో అద్దెకుండేవాళ్లం. ఎదురింటి డాబా మీది నీళ్ల ట్యాంకు వీధిలో దొర్లుతూ వెళ్లడం కిటికీలోంచి చూశాను. అప్పుడు వీచింది గంటకు 180 కిలోమీటర్ల స్థాయి గాలి. మొంథాకు వాతావరణ శాఖ చెప్పింది 90 నుంచి 100, ఉధృతంగా వీస్తే 110. గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. 110కీ 180కీ మధ్య తోపు రెండున్నర రెట్లు దాటుతుంది. "ఈ మధ్య" జనం అన్న మాటలే కావాలని అడిగింది నేను. ఏఐ అదే తెచ్చింది. కానీ మా ఇంటికి కావాల్సిన జవాబు ఈ మధ్యది కాదు. 1996లో ఎవరూ ఆన్‌లైన్‌లో రాయలేదు, 2014లో డాబాల మీద ఇన్ని పలకలు లేవు.

ఈ సంగతి దానికి చెప్పి మళ్లీ అడిగితే వాదించలేదు, తన ముగింపు మార్చుకుంది. భవనాల మీద గాలి బరువు లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగంలో విశాఖకు సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు అని ఉందని చెప్పింది. అది వేరేగా సరిచూసుకున్నాను, నిజమే. స్ట్రక్చర్ వాళ్లను ఏమేం అడగాలో జాబితా కూడా ఇచ్చింది. అది బాగా పనికొచ్చింది.

చివరికి కోటేషన్ దిద్ది ఇచ్చిన ఆయనకే పని ఇచ్చాం. కింద బట్టలు ఆరేసుకోవచ్చని ఎనిమిది అడుగుల ఎత్తు స్ట్రక్చర్ అనుకున్నది మానేసి, డాబాకి దగ్గరగా తక్కువ ఎత్తులో వేయించాం. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా హాట్ డిప్ గాల్వనైజ్డ్ (కరిగిన జింకులో ముంచి పూత వేసిన) ఇనుము, ఎస్ఎస్ 304 రకం స్టెయిన్‌లెస్ స్టీల్ బోల్టులు. కాళ్ల దగ్గర కారకుండా కాంక్రీటు దిమ్మెలు కట్టించాం. గంటకు 180 కిలోమీటర్ల గాలికి డిజైన్ చేసినట్టు కోటేషన్ మీద రాసి సంతకం పెట్టమంటే ఆయన ఒక రోజు టైమ్ అడిగి, తన ఇంజనీర్‌తో మాట్లాడి, పెట్టారు. బిగించే రోజు మామయ్యగారు పైకెక్కి ప్రతి బోల్టూ చేత్తో తడిమి చూశారు.

ఆరు పలకలూ సంక్రాంతి తర్వాత ఎక్కాయి. నెట్ మీటర్ ఇంకా రాలేదు. వచ్చాక మొదటి బిల్లు చూసి ఈ రివ్యూ కిందే రాస్తాను. మీలో సోలార్ ఉన్నవాళ్లు ఎక్కడైనా రాస్తే దయచేసి నెల, సంవత్సరం, ఊరు, ఎన్ని కిలోవాట్లు, సముద్రానికి ఎంత దూరం అన్నవి రాయండి. ఆ ఒక్క కోస్తా మనిషి ఎవరో గానీ అవన్నీ రాశారు, నాకు అందులో నాలుగు లైన్లే చాలా ఉపయోగపడ్డాయి.