0.45 గ్రాములా, 0.53 గ్రాములా? పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కు ఏ పెల్లెట్ మేలు?

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తండ్రి, విజయవాడ పటమట నుంచి ఒక తల్లి, ఒకే వారంలో ఒకే ప్రశ్న వేశారు. “మాస్టారూ, అమ్మాయికి తేలిక పెల్లెట్లు కొనమంటారా, బరువైనవా?” అంతకు ముందు వారం మరొకరు అడిగారు. పెల్లెట్లంటే పది మీటర్ల పోటీల్లో ఎయిర్ రైఫిల్‌తో కాల్చే చిన్న సీసపు గుళ్లు. ఫోనులో చెప్పి చెప్పి విసుగొచ్చి, ఒకసారి వివరంగా రాసి పడేద్దామని కూర్చున్నాను. గన్ను ఎలా పట్టాలో, సైట్లు (గురి చూసే అమరిక) ఎలా తిప్పాలో తెలిసినవారి కోసమే ఇది.

మనకు దొరికే మంచి మ్యాచ్ పెల్లెట్లు ఎక్కువగా జర్మనీవి, చెక్ దేశానివి. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం లోపలి వెడల్పు), చదును తల, వెనక లంగాలా విచ్చుకున్న అంచు, ఇవి అన్నిటికీ సమానం. తేడా బరువులో ఉంది. పిస్టల్ కోసమని చేసేవి 0.45 నుంచి 0.49 గ్రాముల దాకా ఉంటాయి. రైఫిల్ కోసమని చేసేవి 0.53 గ్రాముల దగ్గర ఆగుతాయి. డబ్బా మీద పిస్టల్ అని రాసి ఉన్నా రైఫిల్‌లో కాల్చడానికి నిషేధమేమీ లేదు. అందుకే ఈ సందేహం.

తేలికవాటి తరఫున వినిపించే వాదన ఒకటే: వేగంగా పోతుంది కాబట్టి, చెయ్యి ఊగేలోపు బయటపడుతుంది. వినడానికి బాగుంది. లెక్క వేసి చూద్దాం. మ్యాచ్ రైఫిల్ నుంచి 0.53 గ్రాముల పెల్లెట్ సెకనుకు సుమారు 170 మీటర్ల వేగంతో వస్తుంది. అదే శక్తి 0.45 గ్రాముల పెల్లెట్‌కు అందితే వేగం 184 దాకా పెరుగుతుంది. పది మీటర్లు దాటడానికి మొదటిదానికి 59 మిల్లీసెకన్లు, రెండోదానికి 54. ఈ అయిదు మిల్లీసెకన్లు చూసే చాలామంది మురిసిపోతారు. కానీ పెల్లెట్ బారెల్ మూతి దాటాక మీ చెయ్యి ఊగినా, తుమ్మొచ్చినా దానికి సంబంధం లేదు. పట్టించుకోవలసింది బారెల్ లోపల గడిపే సమయం ఒక్కటే. సుమారు 42 సెంటీమీటర్ల బారెల్‌లో ఈ రెండింటి మధ్య తేడా అర మిల్లీసెకను కూడా లేదు. కొత్త పిల్ల గురి టార్గెట్ మీద సెకనుకు 30 మిల్లీమీటర్లు జరుగుతోందనుకున్నా, ఆ వ్యవధిలో అది కదిలేది ఒక మిల్లీమీటరులో వందో వంతు పైచిలుకు. ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో ఒక వలయానికీ ఇంకో వలయానికీ దూరం 2.5 మిల్లీమీటర్లు. దశాంశ స్కోరులో 0.1 పాయింటు అంటే పావు మిల్లీమీటరు. దాని పక్కన పెడితే తేలిక పెల్లెట్ మిగిల్చే లాభం గింజలో పొట్టు.

ఇక రెండో మాట. ఈ ఆటలో వేగం ఎంత ఉందన్నది నాకు పెద్ద ప్రశ్న కాదు. ప్రతి పెల్లెట్‌కూ అదే వేగం ఉందా అన్నది ప్రశ్న. పది మీటర్లు పోయేసరికి భూమి ఆకర్షణ వల్ల 0.53 గ్రాముల పెల్లెట్ 17 మిల్లీమీటర్లు కిందికి జారుతుంది, 0.45 గ్రాములది పద్నాలుగున్నర. సైటు సరిచేసుకుంటే ఆ తేడా పోతుంది కాబట్టి దానితో పేచీ లేదు. పేచీ అంతా ఒకే డబ్బాలోని పెల్లెట్ల మధ్య తేడాతోనే. బరువులో 0.01 గ్రాము అటూ ఇటూ అయితే వేగం దాదాపు ఒక శాతం మారుతుంది, తగిలే చోటు మూడో వంతు మిల్లీమీటరు పైకో కిందికో జరుగుతుంది. పాయింటులో దశాంశం పోయినట్టే. 60 తూటాల మ్యాచ్‌లో పదో వంతు పాయింట్లతో ఫైనల్ చేజారినవాళ్లను చూశాం. అదే 0.01 గ్రాము తేడా తేలిక పెల్లెట్ మీద ఎక్కువ శాతంగా పడుతుంది, బరువుదాని మీద తక్కువ శాతంగా; కానీ కాగితం మీద జరిగే దూరం రెండింటికీ దాదాపు ఒకటే. నా ఓటు 0.53 వైపు పడడానికి కారణం వేరే ఉంది. తయారీదారులు తమ మేలురకం రైఫిల్ పెల్లెట్లను ఎక్కువగా ఈ బరువులోనే చేస్తారు.

అయితే నేను 0.53 కొనమన్నానని ఎవరూ డబ్బాలు మోసుకు రావద్దు. బరువు ఎంచుకున్నాక అసలు పని మొదలవుతుంది. అదే కంపెనీ, అదే పేరు, అదే బరువు అయినా తల కొలత 4.48 నుంచి 4.51 మిల్లీమీటర్ల వరకు రకరకాలు. వాటిలో మీ బారెల్‌కు ఏది కుదురుతుందో కాల్చి చూస్తే తప్ప తెలియదు. దానికి మించి లాట్ నంబరు అనేది ఒకటుంది, అంటే ఒక విడతలో తయారైన పెల్లెట్లకు వేసే గుర్తు. అచ్చులు అరుగుతాయి, సీసం మిశ్రమం కొద్దిగా మారుతుంది, ఈ నెల చేసింది పోయిన నెల చేసినట్టు ఉండదు.

నాకిది డబ్బు పోశాక తెలిసింది. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ దగ్గర రైఫిల్ బిగించే ఇనుప పట్టు చేయించాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, “తుపాకీ కాల్చడానికి మనిషి ఉండగా దీన్నెందుకండీ కట్టేస్తారు?” అన్నాడు. మనిషి తప్పులను పక్కకు తప్పించడానికే అని చెబితే, “అయితే ఆ మనిషినే బిగించాలి కదండీ” అన్నాడు. ఆ పట్టులో రైఫిల్ పెట్టి, పది మీటర్ల దూరంలో కాగితం మీద పదేసి తూటాలు కాల్చాను. మొదటి డబ్బా పెల్లెట్లన్నీ ఒకే రంధ్రంలోకి దూరాయి. రంధ్రం గుండ్రంగా, పెల్లెట్ కంటే కొంచెం పెద్దదిగా మిగిలింది. అదే పేరు, అదే 4.50 తల, వేరే లాట్ నంబరున్న రెండో డబ్బాకు వచ్చేసరికి రంధ్రం చిక్కుడు గింజలా సాగింది. ఆ తరువాత సందేహం తీరక 0.45 గ్రాముల డబ్బా ఒకటి కాల్చాను. చిత్రం ఏమిటంటే, ఆ తేలిక డబ్బా నా రెండో డబ్బా కంటే మెరుగ్గా కాల్చింది. అంటే నా బారెల్‌కు బాగున్న తేలిక లాట్, నచ్చని బరువు లాట్ కంటే మేలు. కొనేముందు బిగించి కాల్చి చూడమని ఇంత గట్టిగా చెప్పేది అందుకే.

ఇక్కడే మన చిక్కు. జర్మనీలో షూటర్లు తయారీదారు దగ్గరికే రైఫిల్ పట్టుకెళ్లి, లాట్ వెంట లాట్ కాల్చి, నచ్చింది బండిలో వేసుకుంటారు. మనకు దిగుమతి అయి వచ్చిన లాట్లే వస్తాయి, తెప్పించినవారి దగ్గర ఆ నెలలో ఏది ఉంటే అది. అందుకని నేను చేసేది ఇది: మూడు నాలుగు వేరు వేరు లాట్ల నుంచి ఒక్కో డబ్బా తెచ్చుకుని పరీక్షించి, బాగా వచ్చిన లాట్ నంబరు చెప్పి, ఏడాదికి సరిపడా అదే అడగడం. ప్రాక్టీసుకు ఒకటి, మ్యాచ్‌కు ఒకటి అని విడదీస్తారు కొందరు. కొత్తవాళ్లకు మొదటి ఆరు నెలలు చవక డబ్బా చాలు. ట్రిగ్గర్ లాగడం నేర్చుకుంటున్నప్పుడు పెల్లెట్ లోపం కనిపించనే కనిపించదు.

తేలిక పెల్లెట్ నిజంగా గెలిచే చోటు ఒకటుంది: స్ప్రింగ్ రైఫిల్. కొన్ని క్లబ్బుల్లో పిల్లలకు ఇచ్చే పాత రకం అది. కాల్చగానే లోపలి పిస్టన్ అదురుతుంది, ఆ అదురు పెల్లెట్ బయటపడేలోపే మొదలవుతుంది. అక్కడ పెల్లెట్ ఎంత త్వరగా పోతే అంత మంచిది. బలం తక్కువ గల స్ప్రింగ్‌లో 0.53 పెల్లెట్ నీరసంగా పోతుంది కూడా. అలాంటి రైఫిల్ ఉన్నవారు 0.45 తీసుకోండి, నా పైవాదన మరిచిపోండి.

గుండ్రటి తలవి, కోసు తలవి పది మీటర్లకు వద్దు. చదును తల కాగితంలో శుభ్రమైన రంధ్రం చేస్తుంది, మిగతావి చింపుతాయి. తగరం లాంటి సీసం లేని పెల్లెట్లు ఇంకా తేలిక. నేను పెద్దగా వాడలేదు.

మా పల్లె చుట్టాలు మరో ప్రశ్న వేస్తారు. జొన్న, మొక్కజొన్న చేలల్లో చిలుకలను, అడవిపందులను తోలడానికి ఏ పెల్లెట్ మంచిదని. 20 జౌల్స్ లోపు శక్తి గల, బోరు 4.5 మిల్లీమీటర్లు మించని ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదన్న మాట వినగానే వేటకు కూడా అనుమతి వచ్చినట్టే అనుకుంటారు. చిలుకా, అడవిపందీ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నవి. దానికి ఏ పెల్లెట్ అన్న ప్రశ్నే లేదు. మా బాబాయి ఇది విని, “అయితే డప్పు కొట్టుకుంటానులే” అన్నాడు. అదే నయం.

ఇంకో చిన్న జాగ్రత్త. వానాకాలంలో కృష్ణా తీరపు తేమకు మూత సరిగా పెట్టని డబ్బాల్లో సీసం మీద తెల్లటి పొడి పట్టడం చూశాను. ఆ పెల్లెట్లు మ్యాచ్‌కు పనికిరావు, చేతికి అంటుకుంటే మంచిది కాదు. పెల్లెట్లు ముట్టుకున్న తరువాత పిల్లల చేత చేతులు కడిగించాకే టిఫిన్ డబ్బా తెరవనివ్వండి.

బ్రాడీపేట తండ్రిని శనివారం అమ్మాయి రైఫిల్ తీసుకుని రమ్మన్నాను. నా దగ్గర 0.53లో మూడు లాట్లు, 0.45లో ఒకటి ఉన్నాయి. పట్టు సిద్ధంగా ఉంది, కాగితాలు తెచ్చి పెట్టాను. ఆ అమ్మాయి బారెల్ ఏ డబ్బాను ఒప్పుకుంటుందో చూశాకే ఆయన ఆర్డరు పెట్టబోతున్నారు.