వీఐపీ పాసా, మామూలు స్టాండా: కారు రేసు చూడటానికి ఏది మేలు?

నల్గొండ, మిర్యాలగూడ, పాలమూరు బజార్లలో టైర్లు, ఇంజన్ ఆయిల్, బ్యాటరీలు అమ్మేవాళ్ళకు కంపెనీ స్కీముల సంగతి కొత్తగా చెప్పనక్కర్లేదు. టార్గెట్ దాటితే ఒకప్పుడు బంగారు నాణెం, తర్వాత బ్యాంకాక్ ట్రిప్పు. టైర్ల షాపు నడిపే మా బావకు ఈసారి ఇంకా ఖరీదైనది వచ్చింది. డిసెంబర్‌లో అబుదాబి ఫార్ములా వన్ రేసుకు వీఐపీ అతిథిగా మూడు రోజులు. విమానం, హోటల్ అన్నీ కంపెనీవే. కాకపోతే ఒక్కరికే. వద్దనుకుంటే క్రెడిట్ నోట్ (తర్వాత కొనే సరుకు బిల్లులో తగ్గించే మొత్తం) ఇస్తారట. ఆ డబ్బుకు ఇంకొంత కలిపి అక్కనూ మేనల్లుణ్ణీ తీసుకుని మామూలు స్టాండ్ టికెట్ల మీద పోతే ఎట్లుంటదని నన్నడిగాడు.

ముందు ఈ వీఐపీలో ఏముంటుందో చూద్దాం. ఫార్ములా వన్‌లో అతిథులకు పెద్దపీట వేసే చోటును ప్యాడాక్ క్లబ్ అంటారు. చాలా ట్రాకుల్లో ఇది పిట్ (రేసు మధ్యలో కార్లు ఆగి టైర్లు మార్చుకునే చోటు) గ్యారేజీల మీదే కట్టిన ఏసీ హాలు. కింద టీములు కార్లు సిద్ధం చేస్తుంటాయి, పైన బాల్కనీలో నిలబడి చూడొచ్చు. తిండికి, మందుకు విడిగా లెక్క ఉండదు. ట్రాక్ చుట్టూ తిప్పి చూపించే టూరు కూడా ఉంటుంది. సొంతంగా కొనాలంటే మనిషికి లక్షల్లోనే మాట.

వీటిలో నిజంగా విలువైనది నా లెక్కలో ఒక్కటే: పిట్ వాక్. చెప్పిన సమయానికి అతిథులను పిట్ లేన్‌లోకి వదులుతారు. కారు ముందు భాగం ఊడదీసి పక్కన పెట్టి ఉంటుంది, మెకానిక్‌లు తమ పని తాము చేసుకుపోతుంటారు. టైర్లు దొంతరలుగా కనబడతాయి. ఎర్ర గీత ఉంటే మెత్తవి, పసుపు ఉంటే మధ్యరకం, తెలుపు ఉంటే గట్టివి, అన్నీ పిరెల్లి కంపెనీవే. చక్రాలు మార్చే సాధన కూడా ఒక్కోసారి అక్కడే జరుగుతుంది. నాలుగు చక్రాలూ మార్చడానికి వీళ్ళకు మామూలుగా రెండు, రెండున్నర సెకన్లు చాలు. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ టీము 1.80 సెకన్లలో మార్చేసింది. టైర్ల వ్యాపారంలో తల పండినవాడికి ఇదంతా కళ్ళ ముందు చూడటం చిన్న విషయం కాదు, ఒప్పుకుంటాను.

చాలామంది పొరబడేది ఇంకోచోట ఉంది. ప్యాడాక్ క్లబ్ వేరు, ప్యాడాక్ వేరు. గ్యారేజీల వెనక డ్రైవర్లు, ఇంజనీర్లు తిరిగే చోటే అసలు ప్యాడాక్. దానికి పాసు వేరుగా ఉండాలి. క్లబ్ పాసు మెడలో వేసుకుని వెర్‌స్టాపెన్ లాంటి స్టార్ డ్రైవర్‌తో సెల్ఫీ దిగుదామని పోతే నిరాశే. డ్రైవర్లు క్లబ్బులోకి వచ్చినా స్టేజీ మీద నాలుగు మాటలు చెప్పి వెళ్ళిపోతారు.

ఇక అసలు రేసు. అబుదాబి ట్రాక్ పొడవు 5.281 కిలోమీటర్లు, 58 ల్యాపులు, అంటే ట్రాక్ చుట్టూ 58 రౌండ్లు. ల్యాపుకు నిమిషంన్నర వేసుకోండి. పిట్ బాల్కనీ ముందు ఉండేది స్ట్రెయిట్ రోడ్డు, అక్కడ కారు కంటికి ఆనేది కొన్ని సెకన్లే. స్టార్ట్, పిట్ స్టాప్‌లు, జెండా ఊపడం బాగా కనబడతాయి. మిగతాది హాల్లో టీవీలో చూడాలి. ఒక కారు ఇంకోదాన్ని దాటేది ఎక్కువగా గట్టిగా బ్రేకు కొట్టే మలుపుల దగ్గర. 2021లో ఈ ట్రాక్‌ను మార్చినప్పుడు ఉత్తరపు మూల హెయిర్‌పిన్‌ను (వెనక్కి తిరిగినట్టుండే మలుపును) వెడల్పు చేశారు, దాని తర్వాత పొడవాటి స్ట్రెయిట్ వస్తుంది. ఆ వైపే నార్త్ స్టాండ్. అక్కడ కూర్చుంటే కార్లు వేగం తగ్గించి, ఒకదాని వెనక ఒకటి కాచుకుని, మళ్ళీ దూసుకుపోవడం కళ్ళారా చూస్తాం. మేళ్ళచెరువు జాతరలో బండలాగుడు పోటీలు చూసినవాళ్ళకు ఇది వెంటనే అర్థమవుతుంది: స్టేజీ మీది పెద్దలకు శాలువాలు దక్కుతాయి, గిత్తలు మోకాళ్ళ మీదికొచ్చి లాగడం మాత్రం గీత పక్కన నిలబడ్డవాడికే కనబడుతుంది.

స్టాండ్‌లో కష్టాలు లేవని కాదు. తిండికి క్యూ, మంచినీళ్ళకు క్యూ. మూడు రోజులూ నడిచి నడిచి కాళ్ళు పీకుతాయి. అయితే అబుదాబిలో డిసెంబర్ వాతావరణం హాయిగా ఉంటుంది, రేసు అక్కడి సాయంత్రం ఐదింటికి మొదలై దీపాల వెలుగులో ముగుస్తుంది. శంషాబాద్ నుంచి నేరుగా విమానాలున్నాయి. సింగపూర్‌లో అయితే అది రాత్రి రేసు. 2008లో ఫార్ములా వన్‌లో తొలి రాత్రి రేసు జరిగిందే అక్కడ. ఉక్కపోత మాత్రం మన మే నెలకు తీసిపోదు. అక్కడికెళ్తే ఏసీ హాలు విలువ నేనూ కాదనను.

బావ అసలు లెక్కే వేయని విషయం పన్ను. 2022 జులై 1 నుంచి ఆదాయపన్ను చట్టంలో 194ఆర్ అనే సెక్షన్ వచ్చింది. వ్యాపారం వల్ల దక్కే బహుమతి గానీ ట్రిప్పు గానీ ఏడాదికి 20,000 రూపాయల విలువ దాటితే ఇచ్చే కంపెనీ దాని మీద 10 శాతం టీడీఎస్ (ముందుగానే జమచేసే పన్ను) కట్టాలి. పుచ్చుకున్నవాడు ఆ విలువను తన ఆదాయంలో చూపించాలి. అంటే లక్షల రూపాయల పాసు మెడలో పడిందంటే, ఆ లక్షలు చేతికి రాకపోయినా లెక్కల్లోకి వస్తాయి. ఉచితమని చంకలు గుద్దుకునే ముందు షాపు లెక్కలు చూసే సీఏకి ఒక ఫోన్ కొట్టడం మంచిది. క్రెడిట్ నోట్ మీదా పన్ను భారం ఉంటుంది, కానీ అది కనీసం సరుకు రూపంలో వాడుకోవచ్చు.

ఇంత దూరం దేనికి, హైదరాబాద్‌లోనే చూడొచ్చు కదా అంటారా? 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ ఎలక్ట్రిక్ కార్ల రేసు జరిగింది, జీన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. నల్గొండ నుంచి పొద్దున పోయి రాత్రికి ఇంటికి చేరిపోయే వీలుండేది. కానీ 2024 ఫిబ్రవరిలో జరగాల్సింది రద్దయింది. గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ 2011 నుంచి 2013 వరకు మూడేళ్ళే నడిచింది, మూడుసార్లూ జర్మనీ డ్రైవర్ సెబాస్టియన్ వెటెలే గెలిచాడు.

మన చేతికి అందేది ఇరుంగట్టుకోట్టై. చెన్నై నుంచి బెంగళూరు హైవే మీద శ్రీపెరుంబుదూరు వైపు, 1990 నుంచి ఉన్న ట్రాక్, పొడవు 3.7 కిలోమీటర్లు. జాతీయ స్థాయి కారు, బైకు పోటీలు అక్కడ జరుగుతుంటాయి. నల్గొండ మీదుగా కొన్ని, పాలమూరు మీదుగా కొన్ని చెన్నై వైపు రైళ్ళు వెళ్తాయి. అక్కడ హంగూ ఆర్భాటం ఉండవు, ఎండ మాత్రం దండిగా ఉంటుంది. టీము వాళ్ళెవరైనా తెలిసుంటే గ్యారేజీలో నిలబడి మెకానిక్‌తో మాట్లాడొచ్చు. ప్యాడాక్ క్లబ్బులో లక్షలు పోసినా అంత దగ్గరితనం దొరకదు. రేసింగ్ మీద తనకు ఇష్టముందో లేదో ఇంకా తేల్చుకోనివాడు ముందు ఇక్కడికే పోవాలి.

బావకు నేను చెప్పింది క్రెడిట్ నోట్ తీసుకోమనే. ఆయనకు కార్లంటే ఇష్టమే గానీ, మూడు రోజులు కంపెనీ మేనేజర్ల పక్కన కాలర్ చొక్కా, బూట్లు వేసుకుని నవ్వుతూ కూర్చోవడం టెన్షన్. మేనల్లుడు మాత్రం ప్రతి రేసూ ఫోన్‌లో చూస్తాడు, మలుపుల నంబర్లతో సహా చెప్తాడు. అదే రాష్ట్రం మొత్తానికి పంపిణీ చేసే పెద్ద డిస్ట్రిబ్యూటర్ అయితే నా సలహా వేరు: పోవాలి. ఆయనకు రేసు కంటే పక్క కుర్చీలో కూర్చునే మనిషే ముఖ్యం. అదే డబ్బు సొంత జేబులోంచి పెట్టేవాళ్ళు ఎవరైనా సరే, ప్యాడాక్ క్లబ్ జోలికి పోవద్దు.

స్టాండ్ టికెట్ కొనేటప్పుడు సీటుకు ఎదురుగా పెద్ద తెర ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే పది ల్యాపులకే ఎవరు ముందున్నారో తెలియకుండా పోతుంది. పిల్లలుంటే చెవులకు ఇయర్ ప్లగ్‌లు ఇక్కడే కొని పట్టుకెళ్ళండి.