కాంట్రాక్టా, గెస్టా? యూనివర్సిటీలో ఏది మేలు

పీహెచ్‌డీ చేతికొచ్చి, రెగ్యులర్ (పర్మనెంట్) పోస్టుల నోటిఫికేషన్ జాడ లేని దశలో మన రాష్ట్ర యూనివర్సిటీల్లో ఎక్కువగా కనిపించే దారులు రెండు. ఒకటి నెల జీతానికి కాంట్రాక్టు. కొన్ని చోట్ల దీన్నే అకడమిక్ కన్సల్టెంట్ అంటారు. రెండోది క్లాసుకింత అని గెస్ట్ ఫ్యాకల్టీ. నెలకెంత వస్తుందో చూసి తేల్చేసేవాళ్లే ఎక్కువ. నా మాట వింటే, ముందు నియామక ఆర్డర్ కాగితం చదవండి.

గెస్టుకు యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2019లో పెట్టిన రేటు క్లాసుకు రూ.1,500, నెలకు రూ.50,000 మించకూడదు. వారానికి ఎనిమిదో తొమ్మిదో క్లాసులు చెప్తే ఆ పరిమితి నిండిపోతుంది. వర్సిటీ తన ఆర్డర్లో ఇంతకన్నా తక్కువ రాసి ఉండొచ్చు, అదీ చూసుకోవాలి. పైగా యూజీసీ నిబంధనల్లో బోధన ఏడాదికి 30 వారాలు, అంటే 180 పనిదినాలు. పరీక్షలకూ సెలవులకూ పోయే మిగతా 22 వారాల్లో క్లాసులుండవు, బిల్లూ ఉండదు. కాబట్టి నెలకు యాభై వేలన్నా ఏడాది మొత్తం మీద చేతికొచ్చేది మూడున్నర లక్షలకు అటూ ఇటూ. కాంట్రాక్టులో సెలవుల్లోనూ జీతం పడుతుంది, ఆర్డర్ గడువు ఉన్నంతవరకు. గడువు ఏప్రిల్ నెలాఖరుతో ముగిసేలా రాస్తే వేసవి రెండు నెలలూ గెస్టుకీ మీకూ తేడా లేదు. అందుకే చేరే తేదీకన్నా ముగిసే తేదీ ముఖ్యం.

గెస్టుకు ఇంకో తలనొప్పి బిల్లు. తేదీ, పీరియడ్, పేపర్ కోడ్, చెప్పిన పాఠం రాసి, హెచ్‌ఓడీ (శాఖాధిపతి), ప్రిన్సిపాల్ సంతకాలయ్యాక అది ఫైనాన్స్ సెక్షన్‌కీ ఆడిట్‌కీ వెళ్తుంది. టైమ్‌టేబుల్లో మీ పేరు లేని పీరియడ్, సెలవు రోజున వేసిన క్లాసు, హాజరు రిజిస్టరుతో కలవని అంకె, వీటిలో ఏ ఒక్కటి దొరికినా బిల్లు వెనక్కి వస్తుంది. ఇంకొకరి బదులు క్లాసు తీసుకుంటే ఆ రోజే హెచ్‌ఓడీ చేత సర్దుబాటు నోట్ రాయించుకోండి. నెలాఖరున అడిగితే ఎవరికీ గుర్తుండదు.

ఇక అసలు సంగతి సర్వీసు. రేపు రెగ్యులర్ అయితే ఈ ఏళ్లు ప్రమోషన్‌కు లెక్కలోకి వస్తాయా? యూజీసీ 2018 నిబంధనల్లో దీనికి షరతులున్నాయి. పోస్టుకు కావలసిన అర్హతలతోనే చేరి ఉండాలి, సక్రమంగా వేసిన సెలక్షన్ కమిటీ ద్వారా ఎంపికవ్వాలి, మొత్తం జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ స్థూల జీతానికి తగ్గకూడదు. ఆ రెగ్యులర్ జీతం రూ.57,700 మూలవేతనంతో మొదలై, పైన డీఏ కలుస్తుంది. గెస్టు యాభై వేల దగ్గరే ఆగిపోతాడు గనుక ఈ షరతు దాటడు. కాంట్రాక్టు వాళ్లలోనూ కన్సాలిడేటెడ్ పే (నెలకింత అని ఇచ్చే ఏకమొత్తం జీతం) తక్కువగా ఉన్నవాళ్లకు ఇదే చిక్కు. అయినా నోటిఫికేషన్ ప్రతి, ఇంటర్వ్యూ లేఖ, ప్రతి ఏడాది రెన్యువల్ ఆర్డర్ పారేయకండి. సెలక్షన్ కమిటీ కూర్చున్నదని తర్వాత చూపాల్సి వస్తే మీ చేతిలో ఉండే ఆధారాలు అవే.

యూనివర్సిటీ పోస్టుకు అదే నిబంధనల్లో ఉన్న షార్ట్‌లిస్ట్ మార్కులూ (ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో తేల్చేవి) చూడండి. పీహెచ్‌డీకి 30. పరిశోధన పత్రానికి రెండు చొప్పున గరిష్ఠంగా 10. బోధన అనుభవానికి ఏడాదికి రెండు, అదీ పదికి మించదు. అంటే ఐదేళ్లతో ఆ పది మార్కులూ నిండిపోతాయి, ఆరో ఏడుకు ఒక్క మార్కూ పెరగదు. వారానికి 16 గంటల బోధన, పైన నాక్ (విద్యాసంస్థలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైళ్లు, ఇన్విజిలేషన్, అడ్మిషన్ల డ్యూటీ మీద పడ్డ కాంట్రాక్టు టీచరుకు పత్రం రాసే తీరిక దొరకదు. పీహెచ్‌డీ స్కాలర్లను తీసుకుందామన్నా వాళ్లకు గైడుగా ఉండే అవకాశం పర్మనెంట్ వాళ్లకే.

కాబట్టి పీహెచ్‌డీ ఉండి, ఇల్లు గడవాల్సిన వాళ్లకు పన్నెండు నెలల ఆర్డర్ ఇచ్చే కాంట్రాక్టే మేలు. థీసిస్ ఇంకా సమర్పించనివాళ్లు ఏడాదో రెండేళ్లో గెస్టుగా వారానికి ఎనిమిది క్లాసులతో సరిపెట్టుకుని రాత పూర్తి చేసుకోవడం మంచిది, ఎందుకంటే ఆ ముప్ఫై మార్కులు అనుభవంతో పూడవు. కాంట్రాక్టులో ఐదేళ్లు నిండినవాళ్లు అదనపు డ్యూటీలు తగ్గించమని హెచ్‌ఓడీకి రాతపూర్వకంగా అడిగి, ఆ సమయం పత్రాలకు పెట్టాలి.