రోడ్ బైక్ మార్చాలా, ఫిట్ చేయించాలా? సోరా సైకిల్‌తో కొన్నేళ్ల తర్వాత

నాది అల్యూమినియం ఫ్రేమ్, కార్బన్ ఫోర్క్, షిమానో కంపెనీ దిగువ శ్రేణి సోరా గేర్లు, కేబుల్‌తో పనిచేసే డిస్క్ బ్రేకులున్న రోడ్ బైక్. బరువు పదిన్నర కిలోల పైమాటే. వారం మధ్యలో హైదరాబాద్ నానక్‌రామ్‌గూడ దగ్గర, 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు ట్రాక్ మీద తొక్కుతాను. ఆదివారమైతే గండిపేట, లేదంటే చేవెళ్ల మీదుగా వికారాబాద్ దాకా వెళ్లి అనంతగిరి ఎక్కడం. దీన్ని అమ్మేసి షిమానోలోనే సోరా కంటే పై శ్రేణి అయిన ‘105’ గేర్లున్న కార్బన్ సైకిల్ కొందామని నిరుడు గట్టిగానే అనుకున్నాను. ఇప్పటిదాకా కొనలేదు.

ముందు సైకిల్ సంగతి. ముందు 50, 34 పళ్ల చక్రాలు రెండు, వెనక 11 నుంచి 32 పళ్ల దాకా తొమ్మిది, అంటే తొమ్మిది స్పీడ్. అనంతగిరి ఘాట్‌కి అన్నిటికంటే తేలికైన 34-32 గేరు నాకు సరిపోతుంది. చైన్, క్యాసెట్ (వెనక పళ్ల చక్రాల గుత్తి) అరిగితే 11, 12 స్పీడ్ వాటికంటే చాలా తక్కువలో అయిపోతుంది. లోటు తెలిసేది ఎదురుగాలిలో. ఒక గేరు బరువుగా, దాని పక్కది మరీ తేలిగ్గా అనిపిస్తుంది. బ్రేకులు వానలో కూడా పట్టుకుంటాయి గానీ, పొడవాటి దిగుడులో వేళ్లు అలసిపోతాయి. హైడ్రాలిక్ (కేబుల్ బదులు నూనె ఒత్తిడితో పనిచేసే) బ్రేకులున్న స్నేహితుడి సైకిల్ తొక్కాక ఆ తేడా మాత్రం నిజమేనని ఒప్పుకున్నాను.

అసలు మార్చాలనిపించింది వీటివల్ల కాదు. అరవై, డెబ్భై కిలోమీటర్లు దాటేసరికి చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కేవి. మోకాలి చిప్ప దగ్గర నొప్పి, మెడ పట్టేయడం. “అల్యూమినియం కదా అన్నా, రోడ్డు అదురంతా చేతుల్లోకే వస్తది, కార్బన్‌కి మారిపో” అని గ్రూపులో అందరిదీ ఒకే మాట. రెండున్నర లక్షలు పెట్టే ముందు ఏడు వేలు పెట్టి చూద్దామని బైక్ ఫిట్‌కి, అంటే నా ఒంటి కొలతలకు తగ్గట్టు సైకిల్ సర్దించుకోవడానికి వెళ్లాను. కొన్నప్పుడు షాపులో నా ఎత్తు అడిగి మీడియం సైజ్ చేతిలో పెట్టారు, అంతకు మించి కొలతల్లేవు.

ఫిట్టర్ మొదటి అరగంట సైకిల్ ముట్టుకోలేదు. పాత దెబ్బలేమైనా ఉన్నాయా, ఎంత దూరం తొక్కుతాను అని అడిగాడు. మోకాళ్లు వంచకుండా పాదాలు అందుకోమన్నాడు. నాకు అందలేదు. తర్వాత సైకిల్‌ని ట్రైనర్ (కదలకుండా ఉన్నచోటే తొక్కే స్టాండ్) మీద పెట్టి, చీలమండ, మోకాలు, తుంటి దగ్గర స్టిక్కర్లు అంటించి, పక్కనుంచి వీడియో తీశాడు. పెడల్ అడుగున ఉన్నప్పుడు మోకాలి వంపు 25 నుంచి 35 డిగ్రీల మధ్య ఉండాలట. నాది నలభై దాటింది. అంటే సీటు బాగా కిందికి ఉంది, చిప్ప దగ్గర నొప్పి అందుకే. పైగా సీటు ముక్కు కిందికి వాలి ఉండటంతో నేను ముందుకు జారుతున్నాను, ఒంటి బరువంతా అరచేతుల మీదే పడుతోంది. చిటికెన, ఉంగరపు వేళ్లకు వెళ్లే నరం అరచేతి అంచు దగ్గరే నలుగుతుంది, తిమ్మిరి ఆ రెండింటికే రావడానికి కారణం అదీ.

సీటు ఒకటిన్నర సెంటీమీటర్లు లేపి, సమంగా పెట్టాడు. హ్యాండిల్‌ని ముందుకు పట్టి ఉంచే 100 మి.మీ. స్టెమ్ తీసి 80ది వేశాడు. కూర్చునే ఎముకల మధ్య దూరం కొలిచి, వెడల్పు సీటు మార్చమన్నాడు. మార్చాను.

మొదట్లో పిరుదుల కండరాలు లాగాయి, సీటు మరీ ఎత్తుగా ఉందేమోనని అనుమానం కూడా వచ్చింది. రెండు వారాల్లో మోకాలి నొప్పి పోయింది. తిమ్మిరి తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. అది పోయింది టైర్ల గాలి తగ్గించాకే. 28 మి.మీ. టైర్లకు వంద పీఎస్‌ఐ కొట్టించే అలవాటు నాది. ముందు 70, వెనక 75కి దించితే రోడ్డు అదురు సగమైంది, వేగమేమీ తగ్గలేదు. దీనికి పైసా ఖర్చు లేదు. మెడ ఇంకా పట్టేస్తుంది. వ్యాయామాలు చెప్పాడు, బద్ధకం నాదే.

డబ్బు పెట్టలేనివాళ్లు ఇంట్లో మొదలుపెట్టొచ్చు. చెప్పుల్లేకుండా గోడకు ఆనుకుని నిలబడి, తొడల మధ్య పుస్తకం గట్టిగా పైకి నొక్కి, నేల నుంచి పుస్తకం అంచు దాకా కొలవండి. దాన్ని 0.883తో గుణిస్తే క్రాంక్ (పెడళ్లు తిరిగే ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఎత్తు వస్తుంది. నాకు 79 సెంటీమీటర్లు, అంటే 69.8. ఫిట్టర్ పెట్టింది దాదాపు అంతే. మీ ఒళ్లు ఎంత వంగుతుందో, బూటు అడుగు ఎంత మందమో ఈ లెక్కకు తెలియదు కాబట్టి అక్కణ్నుంచి ఒక్కోసారి అయిదు మి.మీ. మాత్రమే జరిపి చూడండి. పాత ఎత్తు దగ్గర సీట్‌పోస్ట్‌కి టేపు చుట్టి ఉంచండి.

ఇక అప్‌గ్రేడ్. ఫిట్ వల్ల నాకు డబ్బు మిగలడం కంటే పెద్ద లాభం ఇంకొకటి. నేను కన్నేసిన కార్బన్ సైకిల్ రేస్ జామెట్రీది, ముందుభాగం తక్కువ ఎత్తు, చేతులు ఎక్కువ చాచాలి. నా కొలతలు దాని స్టాక్, రీచ్ (ఫ్రేమ్ ముందుభాగం ఎత్తు, పొడవు) అంకెల పక్కన పెట్టి చూస్తే, పొట్టి స్టెమ్ వేసి, దాని కింద స్పేసర్లు (ఎత్తు పెంచే రింగులు) దొంతరగా పేర్చినా నాకు కుదరదని తేలింది. కొని ఉంటే అవే నొప్పులు ఇంకా ఖరీదుగా వచ్చేవి. బరువు లెక్కా వేశాను. నేను, సైకిల్, నీళ్లు కలిపి 88 కిలోలు. రెండు కిలోలు తగ్గితే ఇరవై నిమిషాల ఎక్కుడులో మిగిలేది అర నిమిషం లోపే. చదును రోడ్డు మీద గాలిని అడ్డుకునేది ఎక్కువగా మన ఒళ్లే. అందుకే హ్యాండిల్ కింది వంపు పట్టుకుని ఎక్కువసేపు ఉండగలగడమే నాకు పెద్ద వేగం. పదమూడున్నర గంటల్లో ముగించాల్సిన 200 కిలోమీటర్ల బ్రెవె అనే లాంగ్ రైడ్‌కైతే మరీను.

పాత ఫ్రేమ్‌కే 105 వేయించడం నాకు దండగనిపించింది. లివర్లు, డీరైలర్లు, చైన్, క్యాసెట్ అన్నీ మార్చాలి, పాత వెనక హబ్‌కి కొత్త క్యాసెట్ పట్టకపోవచ్చు కూడా. ఫ్రేమ్ సైజే తప్పైతే, లేదా అరకు, లంబసింగి లాంటి ఘాట్లు తరచూ దిగేవాళ్లకు హైడ్రాలిక్ బ్రేకులు కావాలంటే, మొత్తం సైకిల్ మార్చడమే నయం. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్‌టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, బేరం ఆడేటప్పుడు గుర్తుంచుకోండి.

ఇప్పుడు నేను చూస్తున్నది ఎండ్యూరెన్స్ జామెట్రీ (దూరాలకు వీలుగా ముందుభాగం ఎత్తుగా ఉండేది), హైడ్రాలిక్ బ్రేకులు, 32 టైర్లు పట్టే ఫ్రేమ్. అల్యూమినియమైనా పర్వాలేదు. అది దొరికితే ఈ సైకిల్ తనకిమ్మని మా బావమరిది ఇప్పట్నుంచే వెంటపడుతున్నాడు. వాడు నాకంటే నాలుగంగుళాలు పొడుగు, ఇవ్వనని చెప్పేశాను.