పట్టేసిన బోల్టుకు మంటా, కోతా?
వరంగల్ ఆటోనగర్ షెడ్డులో మా పాత కారు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి చట్రానికి కలిపే కింది చేయి) బోల్టుకు పానా వేశారు. బోల్టు తిరిగింది, దాన్ని తుప్పుతో కరుచుకున్న బుష్ (కీలు దగ్గరి రబ్బరు తొడుగు) లోపలి ఇనుప గొట్టమూ తిరిగింది. వదిలితే మెలిపడ్డ రబ్బరు రెంటినీ వెనక్కి లాగేసింది.

నట్టు మాత్రమే బిగుసుకుంటే గ్యాస్ మంటే మేలు: వేడికి నట్టు వ్యాకోచించి తుప్పు పట్టు సడలుతుంది. ఇక్కడ మాత్రం ముందు కాలేది రబ్బరే, పక్కనే బ్రేక్ గొట్టం కూడా. ఆ పొగ వాసన రెండు రోజులు వదలదు!

నేను కోతకే ఓటేశాను. గ్రైండర్ సన్న బిళ్లతో బుష్‌కూ బ్రాకెట్‌కూ నడుమ రెండు వైపులా బోల్టును కోయాలి. చెయ్యి జారితే బ్రాకెట్‌కే గాటు. కొత్త బుష్, బోల్టు ఖర్చు తప్పదు. చివరి బిగింపు బండి చక్రాల మీద నిలిచాకే.