బోర్డు తర్వాత, ముందు బూట్లు: ఓపెన్-టో వేక్‌బోర్డ్ బూట్లతో నా మూడు సీజన్లు

వేక్‌బోర్డ్ (బోటు వెనకాల తాడు పట్టుకుని, నీళ్ల మీద నిలబడి జారే బోర్డు) కొనాలనుకునేవాళ్లు నన్ను మొదట అడిగేది ఎప్పుడూ ఒకటే, "ఎన్ని సెంటీమీటర్లది తీసుకోవాలన్నా?" అని. బూట్ల గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నేనూ అప్పట్లో ఎవర్నీ అడగలేదు లెండి. అందుకే 2022 ఎండాకాలంలో సగం మోకాలికి ఐస్ పెట్టుకుని సోఫాలోనే గడిచిపోయింది.

బోర్డు సంగతి రెండు ముక్కల్లో తేల్చేస్తాను. నా బరువు 82 కిలోలు, బోర్డు 141 సెంటీమీటర్లు, కంటిన్యువస్ రాకర్, అంటే అడుగు వంపు ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే తీరుగా ఉండే రకం. బరువుని బట్టి పొడవు ఎంత ఉండాలో ఏ కంపెనీ సైట్లో చూసినా పట్టిక దొరుకుతుంది. నేర్చుకునేటప్పుడు రెండు మూడు సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా కొంప మునిగేదేం లేదు. కాలికీ బోర్డుకీ మధ్య ఉండేదే అసలు సంగతి, దాని మీద నాకున్న కసి అంతా ఇక్కడ వెళ్లగక్కబోతున్నాను.

మేముండేది అమెరికాలో, టెక్సస్‌లోని ఆస్టిన్ దగ్గర. మా బావ, అంటే మా ఆవిడ వాళ్ల అన్నయ్య, ఒక పాత బోటు కొన్న దగ్గర్నుంచి మాకందరికీ ఈ పిచ్చి పట్టింది. నేను సెకండ్ హ్యాండ్‌లో బోర్డూ, దానికే బిగించి ఉన్న క్లోజ్డ్-టో (వేళ్లు మూసి ఉండే) బూట్లూ కలిపి 250 డాలర్లకి తెచ్చుకున్నాను. బూట్లు సైజు 10. నా కాలు ఇక్కడి లెక్కలో 9, మన దగ్గర చెప్పుల షాపుకెళ్తే 8 అంటారు. (ఇండియా నుంచి కొత్తగా వచ్చినవాళ్లు ఈ ఒక్క అంకె తేడా మర్చిపోకండి.) ఒక సైజు ఎక్కువైతే ఏమవుతుందిలే అనుకున్నాను. చిన్నప్పుడు జూన్‌లో స్కూలు బూట్లు ఎప్పుడూ ఒక సైజు పెద్దవే కొనేవాళ్లు కదా, ముందు కాస్త దూది కుక్కి, కాళ్లు పెరుగుతాయని. ముప్పై ఆరేళ్లొచ్చాక ఇంకేం పెరుగుతాయి, అయినా బుద్ధి అక్కడే ఉండిపోయింది.

పైగా ఆ బూట్లు భలే సుఖంగా ఉండేవి. మిగతావాళ్లు బోటు వెనకాల కూర్చుని, గిన్నెలు తోమే సబ్బు నీళ్లలో కలిపి కాళ్లకి రాసుకుని, మూలుగుతూ దూర్చుకుంటుంటే, నేను హవాయి చెప్పులేసుకున్నట్టు వేసేసుకునేవాణ్ణి. దాన్నొక గొప్పగా చెప్పుకున్నాను కూడా. అప్పటి ఫోటోల కింద "సూపర్ కంఫర్టబుల్, కళ్లు మూసుకుని కొనుక్కోండి" అని రాసింది నేనే. ఆ మాట నమ్మి ఎవరైనా కొని ఉంటే క్షమించాలి.

జూన్‌లో ఒక శనివారం పొద్దున లేక్ ఎల్‌బీజేకి వెళ్లాం. లేక్ ట్రావిస్‌లోలాగా అక్కడ నీటిమట్టం పైకీ కిందకీ ఊగదు, పొద్దున్నే వెళ్తే నీళ్లు అద్దంలా ఉంటాయి. బోటు 19 మైళ్ల వేగంతో పోతోంది. బయట నుంచి బోటు అల వైపు వస్తూ, కాలి వేళ్ల వైపు అంచు మీద బరువు కాస్త ఎక్కువ వేశాను. అంచు నీళ్లలో దిగబడి ముఖం మీద పడ్డాను. ఇందులో వింతేమీ లేదు, రోజుకి పదిసార్లు పడతాం. ముక్కులోకి నీళ్లు పోతాయి, చెయ్యి ఎత్తి బాగానే ఉన్నానని చూపిస్తాం, బోటు తిరిగొస్తుంది. కాళ్లు రెండూ బోర్డులోనే ఉంటాయి కాబట్టి బోర్డూ మనమూ కలిసి ఒక మూటలా దొర్లుతాం.

ఆ రోజు ఎడమ కాలు ఊడొచ్చింది. కుడి కాలు రాలేదు. మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్ల బైండింగులు దెబ్బ తగిలితే విడిపోయేలా చేస్తారు, వేక్‌బోర్డ్ బూట్లలో మామూలుగా అలాంటి ఏర్పాటేమీ ఉండదు, ఊడితే ఊడినట్టు లేకపోతే లేనట్టు. నాలుగున్నర అడుగుల బోర్డు ఒక్క కాలికి వేలాడుతోంది, నీళ్లు దాన్ని ఒక వైపుకి లాగుతున్నాయి, నా ఒళ్లు ఇంకో వైపు పోతోంది, మధ్యలో మోకాలు. మరచెంబు మూత తిప్పినట్టు తిప్పేసింది. లోపల టక్‌మని చప్పుడు, అది చెవికి కాదు ఎముకకి వినిపించింది. లైఫ్ జాకెట్ ఉంది కాబట్టి తేలాను, చెయ్యి ఎత్తాలన్న సంగతే గుర్తుకు రాలేదు. బోటులో వెనక్కి చూస్తూ కూర్చున్న మా అల్లుడు, అంటే బావ కొడుకు, పద్నాలుగేళ్లవాడు, "డాడీ, మామయ్య చెయ్యెత్తలేదు" అని అరిచాడట. వాడు ఫోన్ చూసుకుంటూ ఉండుంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు. మోకాలు లోపలి వైపు లిగమెంట్ సగం చిరిగిందన్నారు. ఆరు వారాలు బ్రేస్. బిల్లు సంగతి వద్దు, ఇంట్లో ఇప్పటికీ ఆ మాట ఎత్తడం లేదు.

ఆ బూట్లు ఏ కంపెనీవో రాయడం లేదు, తప్పు కంపెనీది కాదు కాబట్టి. సైజు నాది కాదు, అంతే.

మంచమ్మీద ఉన్నప్పుడు కూర్చుని చదివాను, తర్వాత నాకూ అనుభవంలోకి వచ్చింది. బూటు లోపలి మెత్త తడిస్తే ఇంకా మెత్తబడుతుంది, కాబట్టి షాపులో హాయిగా ఉన్నది నీళ్లలో వదులవుతుంది. ఇంట్లో కార్పెట్ మీద బోర్డు పెట్టి, బూట్లు బిగించుకుని, ఎవరినైనా బోర్డు మీద నిలబెట్టి, మడమ పైకి లేపి చూడాలి. లేవకూడదు. అలాగని రక్తం ఆగిపోయేలా బిగించడమూ తప్పే, అప్పుడు పెద్ద దెబ్బకి కూడా రెండు కాళ్లూ రావు. వస్తే రెండూ రావాలి, ఉంటే రెండూ ఉండాలి.

2023 వసంతంలో ఓపెన్-టో బూట్లు కొన్నాను, ముందటేడు మోడల్ కాబట్టి 180కి వచ్చాయి. వేళ్లు బయటికి ఉంటాయి. చూడ్డానికి చిరిగిపోయిన చెప్పుల్లా ఉన్నాయని మా ఆవిడ నవ్వింది. కానీ మొదటిరోజే తేడా తెలిసింది. వేళ్లు ముందు గోడకి తగలవు కాబట్టి మడమ వెనక్కి పూర్తిగా ఆనుతుంది, ఎంత బిగించాలో ఊహించుకోనక్కర్లేదు, పాదం మీద ఒక లేసు, చీలమండ మీద ఇంకో లేసు, రెండూ విడివిడిగా లాగొచ్చు. మోకాలి భయంతో తిరిగి నీళ్లలోకి దిగినవాడికి అదెంత ధైర్యమో మాటల్లో చెప్పలేను. మూడు సీజన్లలో కొన్ని వందల సార్లు పడి ఉంటాను, ఒక్క కాలు మాత్రమే ఊడిన సందర్భం మళ్లీ రాలేదు.

ఇంకో లాభం నేను ఊహించనిది. 8 నుంచి 11 దాకా ఎవరి కాలికైనా సరిపోతాయి. బావ, నేను, పోయినేడాది నుంచి కాళ్లు పెరిగిన అల్లుడు, హైదరాబాద్ నుంచి వచ్చిన స్నేహితులు, అందరం ఒకే జత మీద గడిపేశాం. బోటు ఉన్న కుటుంబానికి ఇది మామూలు ఆదా కాదు.

అయితే "అందరికీ సరిపోతాయి" అని నేను ఊరంతా చెప్పిన మాటని కాస్త సవరించుకోవాలి. మా ఆవిడకి సరిపోలేదు, తనది చిన్న పాదం, తనకి వేరే జత కొనాల్సి వచ్చింది. మా అమ్మ వచ్చినప్పుడు సబ్బు నీళ్లెందుకురా, కొబ్బరినూనె రాసుకో అంటే నవ్వుతూనే రాసుకున్నాను. కాలు జర్రున దూరింది, మడమ కూడా జర్రున లేచింది, వారం దాకా బోటంతా వంటింటి వాసన. సబ్బు నీళ్లే మేలు.

చలి ఇంకో గొడవ. 2023లో ట్రావిస్ బాగా ఎండిపోయి బోట్లు నీళ్లలోకి దించే పబ్లిక్ రాంపులు చాలావరకు మూసేశారు, సమ్‌టైమ్స్ ఐలాండ్స్ అని పేరున్న దీవులు పేరుకి తగ్గట్టే బయటపడ్డాయి. దాంతో లేక్ ఆస్టిన్‌కి మారాం. అక్కడికి వచ్చేది ట్రావిస్‌కి కట్టిన మాన్స్‌ఫీల్డ్ డ్యామ్ అడుగు నుంచి వదిలే నీళ్లు, మండుటెండలో కూడా చల్లగా ఉంటాయి. ఏప్రిల్‌లో పావుగంట కాగానే వేళ్లు ఉన్నాయో లేవో తెలియలేదు. నియోప్రీన్ (చలి ఆపే మెత్తటి రబ్బరు) సాక్సులు వేసుకుంటే సర్దుకుంది, కానీ అప్పుడు బూటు మళ్లీ ఇరుకు. ఒడ్డున బూట్లతోనే దిగకండి కూడా, ఇక్కడి చెరువుల్లో రాళ్లకి పట్టే జీబ్రా మసెల్స్ గుల్లలు బ్లేడుల్లా ఉంటాయి, బయటికున్న వేళ్లకి అవే మొదట తగిలేది.

కొత్తలో తెలియనిది ఇంకోటి ఉంది. అల మీద నుంచి ఎగరడం కొంచెం వచ్చాక, ఈ ఓపెన్-టో బూట్లతో వేళ్ల వైపు అంచు మీదికి వాలితే బోర్డు అర క్షణం ఆలస్యంగా స్పందిస్తున్నట్టు అనిపిస్తోంది. పోయినేడాది బావవి సరిగ్గా నా సైజు క్లోజ్డ్-టో వేసుకుని చూశాను. అనుకోగానే తిరిగింది బోర్డు. ఒప్పుకోవడానికి మనసు రాలేదు గానీ నిజం. నాకిప్పుడు ముప్పై తొమ్మిది, మోకాలు ఒకటి రిపేరు, వారాంతాల్లో తప్ప నీళ్లలోకి దిగను, కాబట్టి నాకు ఆ అర క్షణం అక్కర్లేదు. అల్లుడు మాత్రం క్లోజ్డ్-టో కావాలంటున్నాడు, వాడి కాలు ఇంకా పెరుగుతోంది కాబట్టి రెండేళ్లు ఆగమన్నాను.

స్క్రూల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. బోటు ఎక్కే ముందు ప్రతిసారీ చేత్తో బిగించుకోండి, మూడో నంబరు ఫిలిప్స్ స్క్రూడ్రైవర్‌తో. డ్రిల్లు వాడొద్దు, బోర్డులో ఉండే మరలు అరిగితే బోర్డే పోయినట్టు. రాయడం తేలిక, రెండో సీజన్లో నేనే మర్చిపోయి ప్లేటు కదిలేదాకా తెచ్చుకున్నాను. కేబుల్ పార్కులో (బోటు బదులు పైన తిరిగే తీగ లాగే చోట) వాడాలనుకునేవాళ్లకి ఈ రివ్యూ పెద్దగా పనికిరాదు, నేను వెళ్లింది రెండుసార్లే, అక్కడి పట్టాల మీద నా బోటు బోర్డు అడుగు గీరుకుపోయింది, బోర్డు అడుగున రెక్కల్లా ఉండే ఫిన్లు తీయాలని కూడా అప్పటికి తెలియదు.

ఈ సెప్టెంబరులో కుడి బూటు కింది లేసు తెగింది. అల్లుడి పాత స్నీకర్ లేసు కట్టి నడిపిస్తున్నాను. వెల్‌క్రోలో నాచు పేరుకుపోయింది, టూత్ బ్రష్‌తో గీకినా సగమే పోతోంది. అడుగున జిగురు ఒక మూల లేస్తోంది. వచ్చే ఏడాది కూడా వస్తాయా అంటే ఎడమది వస్తుంది, కుడిది చెప్పలేను.